జేబులో ఎయిర్‌వెయిట్: స్మిత్ అండ్ వెసన్ 642ని ఏళ్ల తరబడి మోశాక

స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్ మోయడానికి ఎంత సుఖమో, కాల్చడానికి అంత కష్టం. కొన్నేళ్లుగా దాదాపు రోజూ ప్యాంటు కుడి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను. చేతిని దీనికి అలవాటు చేసుకునే ఓపిక ఉంటే ఇంతకంటే నమ్మకమైన చిన్న తుపాకీ నాకు తెలియదు. ఆ ఓపిక లేనివాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

నేను డాలస్ దగ్గర ఒక గ్యాస్ స్టేషన్, దాన్ని ఆనుకుని ఉన్న చిన్న స్టోరు నడుపుతాను. రాత్రి షాపు మూసి, క్యాష్ సంచీతో కారు దాకా నడిచేటప్పుడు ఉండే టెన్షన్ ఈ వ్యాపారంలో ఉన్న మనవాళ్లందరికీ తెలిసిందే. ఇంట్లో గ్లాక్ 19 ఉంది. చాలా మంచి పిస్టల్. కానీ తూటాలు నింపితే దాదాపు 850 గ్రాములు. ఆగస్టులో వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండలో, పల్చటి కాటన్ చొక్కా కింద నడుముకి అంత బరువు కట్టుకుని రోజంతా కౌంటర్ వెనక నిలబడటం నా వల్ల కాదు. వంగి సరుకు సర్దిన ప్రతిసారీ చొక్కా పైకి లేచి అది బయటపడుతుంది. అందుకే జేబులో పట్టేది వెతుక్కున్నాను.

642 ఖాళీగా సుమారు 410 గ్రాములు. ఫ్రేము అల్యూమినియం మిశ్రమం (ఇలాంటి తేలిక గన్నుల్నే కంపెనీ ఎయిర్‌వెయిట్ అంటుంది), సిలిండరు స్టెయిన్‌లెస్ స్టీలు, బ్యారెల్ రెండంగుళాల లోపే. పాయింట్ 38 స్పెషల్ తూటాలు ఐదు పడతాయి. అవి నింపినా అర కిలో దాటదు. తూటాని పేల్చే హ్యామర్ ఫ్రేము లోపలే ఉంటుంది కాబట్టి జేబులోంచి తీసేటప్పుడు గుడ్డకి తగులుకునేదేమీ లేదు. ఈ ఆకారం కొత్తదేం కాదు. కంపెనీకి నూరేళ్లు నిండిన 1952లో సెంటెనియల్ అని ఒకటి తెచ్చారు, ఆ వరసలోదే 1990లో వచ్చిన ఈ 642.

ఇంకా తేలికవి లేవా అంటే ఉన్నాయి. మా తోడల్లుడి దగ్గర అదే కంపెనీ 340పీడీ ఉంది. ఫ్రేములో స్కాండియం కలిపారు, సిలిండరు టైటానియం, బరువు 330 గ్రాముల దగ్గర. పైగా అది ఇంకా బలమైన పాయింట్ 357 మాగ్నం తూటాలు కూడా కాలుస్తుంది. చేతిలోకి తీసుకుంటే ఆటబొమ్మలా ఉంటుంది, చూడగానే ఆశ పుడుతుంది. రేంజ్‌లో మాగ్నం తూటాలతో ఒక సిలిండరు కాల్చి చూశాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రగా కందిపోయింది, మూడో తూటా నుంచే గురి చెదిరింది. ఇందులో వింతేమీ లేదు. తూటా బలం పెరిగింది, దాన్ని ఆపుకునే తుపాకీ బరువు మాత్రం తగ్గింది, ఇక మిగతా దెబ్బంతా అరచేతికే. మరీ తేలిక రివాల్వర్లలో ఇంకో చిక్కుంది. ఆ కుదుపుకి సిలిండర్లో ఇంకా కాల్చని తూటాల తలలు కేసుల్లోంచి కొద్దికొద్దిగా ముందుకు జరుగుతాయి. బాగా జరిగితే సిలిండరు తిరగదు. అందుకే 340పీడీ బ్యారెల్ మీదే 120 గ్రెయిన్ల (దాదాపు 8 గ్రాముల) కంటే తక్కువ బరువున్న మాగ్నం బుల్లెట్లు వాడొద్దని రాసి ఉంటుంది.

రూగర్ ఎల్సీపీ ఇంకా తేలిక, 270 గ్రాముల దగ్గర. 2008లో వచ్చినప్పటి నుంచీ జేబు పిస్టల్ అంటే చాలామంది నోట ముందు వచ్చే పేరు అదే. పాయింట్ 380 తూటా, పల్చగా ఉంటుంది, జేబులో ఉన్నట్టే తెలియదు. నా అరచేతికి మాత్రం మరీ చిన్నది, చిటికెనవేలు గాల్లోనే ఉండిపోతుంది. అదే కంపెనీ రివాల్వర్ ఎల్సీఆర్ సుమారు 380 గ్రాములు. ట్రిగ్గర్ ఒక్కటే చూసుకుంటే 642 కన్నా ఎల్సీఆర్‌ది మెత్తన. అయినా 642 అల్యూమినియం ఫ్రేము నా చేతిలో ఇంకాస్త కుదురుగా కూర్చుంటుంది. ఇది పూర్తిగా నా చేతి సంగతి, మీ చేతికి ఎల్సీఆరే నచ్చవచ్చు.

642 ట్రిగ్గర్ గురించి దాపరికం లేకుండా చెప్పాలి. ప్రతి తూటాకీ పొడుగ్గా, ఐదు కిలోలకు పైగా బలంతో లాగాలి. గన్ను బరువు కంటే ట్రిగ్గర్ బరువు పదింతలు ఎక్కువన్నమాట. వేలితో లాగుతుంటే ముందరి గురి పక్కకి జరిగిపోతుంది. దీనికి విరుగుడు, ఖాళీ గన్నుతో ఇంట్లో చేసే సాధనే. అసలు తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, సిలిండర్ని రెండుసార్లు కళ్లతో చూసి, వేలితో తడిమి, స్నాప్ క్యాప్స్ (సాధనకి వాడే డమ్మీ తూటాలు) వేసి, గట్టి గోడ వైపు గురిపెట్టి మెల్లగా లాగడం. ముందు గురి మీద ఒక నాణెం నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ చివరిదాకా లాగగలిగితే చెయ్యి దారిలో పడినట్టే. కొన్ని నెలలకి కుదిరింది. ఏడు గజాల దూరంలో ఐదు తూటాలూ అరచెయ్యంత జాగాలో పడుతున్నాయి ఇప్పుడు.

గురి చూసుకునే ఏర్పాటు నాసిగానే ఉంటుంది. వెనక ఒక గాడి, ముందు ఒక చిన్న మెట్టు, రెండూ ఒకే వెండి రంగు. రీడింగ్ గ్లాసులు వచ్చిన వయసులో రేంజ్ లైట్ల కింద ఆ మెట్టు కనిపించదు. మా ఆవిడ నారింజ రంగు గోళ్ల రంగు అడిగి తీసుకుని దాని మీద ఒక పూత వేశాను. అప్పుడప్పుడూ మళ్లీ వేసుకోవాలి, అంతే.

తూటాల దగ్గరా తేలికతనం అడ్డొస్తుంది. మామూలు కన్నా బలంగా పేలే ప్లస్ పీ రకం వాడొచ్చని కంపెనీయే చెబుతుంది, కానీ వాటితో ఒక పెట్టె కాల్చాక రెండో పెట్టె విప్పబుద్ధి కాదు. పైగా ఇంత పొట్టి బ్యారెల్‌లో వేగం తగ్గి, ముందు గుంట ఉండి తగలగానే విచ్చుకోవాల్సిన హాలో పాయింట్ బుల్లెట్లు చాలావరకు అనుకున్నట్టు విచ్చుకోవు. పొట్టి బ్యారెల్ కోసమే చేసిన స్పీర్ గోల్డ్ డాట్ 135 గ్రెయిన్లది ఉంది. నేను ప్రాక్టీసుకి 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్లు వాడతాను. ముందు భాగం బల్లపరుపుగా ఉండి, కాగితానికి గుండ్రంగా రంధ్రం పెడతాయి, చేతిని బాధపెట్టవు. ఎయిర్‌వెయిట్ మోసేవాళ్లలో రోజువారీకి కూడా అవే వేసుకునేవాళ్లున్నారు. వాళ్ల లెక్క సబబుగానే ఉంది, తగలని గట్టి తూటా కన్నా తగిలే మెత్తటి తూటా నయం.

జేబులో ఉత్తినే వేసుకోకండి. ట్రిగ్గర్ని పూర్తిగా కప్పే పాకెట్ హోల్‌స్టర్ (ఒర) తప్పనిసరి, గన్ను బయటికి తీస్తే హోల్‌స్టర్ జేబులోనే ఉండిపోవాలి. ఆ జేబులో తాళాలు, చిల్లర, పెన్ను, ఏవీ ఉండకూడదు. టైలర్ చేత జేబు లోపలి గుడ్డ మార్పించి మందమైనది వేయించుకున్నాను, దాంతో వేలాడటం తగ్గింది. జేబులో దూది లాంటి నూగు ఎంత చేరుతుందో వాడితేగానీ తెలియదు. సిలిండరు తెరిచి, తూటాలు బయటికి నెట్టే నక్షత్రం లాంటి ముక్క కింద చూస్తే బూడిదరంగు పొరలు పేరుకుని ఉంటాయి. పాత టూత్ బ్రష్షుతో వారానికోసారి దులుపుతాను. చెమట పట్టిన రోజు రాత్రి పొడిగుడ్డతో తుడిచి, పల్చగా ఆయిల్ రాస్తాను. స్టెయిన్‌లెస్ కదా అని వదిలేస్తే స్క్రూల తలల మీద తుప్పు మొదలవుతుంది.

కొనే ముందు మనవాళ్లు చూసుకోవాల్సింది వీసా. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, లాయర్ని అడక్కుండా వాటిని నమ్ముకోవద్దు. గ్రీన్ కార్డు ఉంటే కొనుక్కోవచ్చు. షాపులో నింపే 4473 ఫారంలో వీసా సంగతి అడుగుతారు, అక్కడ అబద్ధం రాస్తే అదో వేరే కేసు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి అర్హత ఉన్నవాళ్లు లైసెన్సు లేకుండానే వెంట ఉంచుకోవచ్చు. అయినా నేను లైసెన్సు తీసుకున్నాను. స్కూలుకి వెయ్యి అడుగుల లోపు రోడ్డు మీద వెళ్లేటప్పుడు, స్కూళ్ల దగ్గర గన్నుల్ని నిషేధించే ఫెడరల్ చట్టం నుంచి ఆ లైసెన్సే కాపాడుతుంది, చాలా వేరే రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. క్లాసు ఒక పూట, తర్వాత 50 తూటాల పరీక్ష. తలుపు మీద లైసెన్సున్నవాళ్లు కూడా దాచిన గన్ను తేవద్దనే 30.06 బోర్డు ఉన్నా, బార్లలో ఎర్ర అక్షరాల 51 శాతం బోర్డు (ఆదాయంలో సగానికి పైగా మద్యం మీదేనని అర్థం) ఉన్నా లోపలికి తీసుకెళ్లకూడదు. గుడికి వెళ్లేటప్పుడు బోర్డు లేకపోయినా నేను పెట్టుకోను.

ఇంటికి రాగానే అది కోడ్ ఉన్న సేఫ్‌లోకి పోతుంది. బీరువా పైన, దిండు కింద అనే మాటే లేదు. 17 ఏళ్ల లోపు పిల్లలకి అందేలా తూటాలున్న గన్ను వదిలేస్తే టెక్సస్‌లో పెద్దవాళ్ల మీద కేసు పెడతారు. ఊరినుంచి అమ్మా నాన్నా వచ్చినప్పుడూ ఇదే పద్ధతి.

మా ఆవిడకి 642 నచ్చలేదు. ఆమె ఎంచుకున్నది అదే కంపెనీ పాయింట్ 380 షీల్డ్ ఈజీ. 500 గ్రాములకి కాస్త పైన, పిస్టల్ పైభాగమైన స్లైడుని వెనక్కి లాగడం తేలిక, ఎనిమిది తూటాల మ్యాగజైను. ఆమె మణికట్టు నొప్పికి అదే సరైనది, రేంజ్‌లో నాకన్నా హాయిగా కాలుస్తుంది.

2018లో సిగ్ పీ365 వచ్చాక 642 లాంటివాటి రోజులైపోయాయని చాలామంది అంటారు. 500 గ్రాముల పిస్టల్‌లో పదికి పైన 9 ఎం.ఎం. తూటాలు, గురి స్పష్టం, ట్రిగ్గర్ తేలిక. బెల్టు మీద పెట్టుకునేవాళ్లకి నేను చెప్పేదీ అదే. నాకు మాత్రం జేబే కావాలి, జేబులో నాకు ఆ పొడవాటి బరువైన ట్రిగ్గరే ఇష్టం, పొరపాటున లాగడం అంత సులువు కాదు కాబట్టి. మీరు ఏది కొనాలనుకున్నా ముందు అద్దెకిచ్చే రేంజ్‌లో దానితో ఒక పెట్టె తూటాలు పూర్తిగా కాల్చండి. మర్నాడు చెయ్యి ఎలా ఉందో చూసుకుని అప్పుడు డబ్బు కట్టండి.