రికార్డుల బీచ్ చూడబోయి నేను కట్టిన 143 పౌండ్లు

స్పీడు కెమెరాకి దొరికినందుకు నాకు బాధ లేదు. తప్పు నాదే. వేల్స్‌లో గంటకి 20 మైళ్ళ బోర్డు ఉన్న ఊళ్ళో 28 మీద పోయాను. నా కడుపుమంటంతా అద్దె కారు కంపెనీ మీద. పోలీసుల ఉత్తరం వాళ్ళకి వస్తే, ఆ రోజు కారు తోలింది ఫలానా మనిషి అని నా పేరు రాసి తిప్పి పంపారు. ఆ పనికి 48 పౌండ్లు నా కార్డులోంచి లాగేసుకున్నారు. పేరు, అడ్రసు రాయడానికి 48 పౌండ్లు! రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరి కూడా రెండు లైన్లకి ఇంత అడగడానికి జంకుతాడు.

పైగా మేం బయల్దేరింది స్పీడు రికార్డులు పుట్టిన చోట్లు చూడటానికి. ఆ మాట ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు.

మా నాన్న తెనాలి డిపోలో 31 ఏళ్ళు బస్సు తోలి రిటైరయ్యారు. ఒక్క యాక్సిడెంటు లేదు. ఇంగ్లండ్‌లో, కవెంట్రీలో ఉన్న మా ఇంటికి వచ్చి రెండు నెలలైంది. లండన్ చూపించాను, కోటలు చూపించాను, అన్నింటికీ "బాగుందిరా" అన్నారు, అంతే. ఒకరోజు కవెంట్రీ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియంకి తీసుకెళ్తే అక్కణ్ణుంచి కదల్లేదు. 1983లో రిచర్డ్ నోబుల్ గంటకి 633 మైళ్ళ మీద తోలిన థ్రస్ట్2, 1997 అక్టోబర్ 15న ఆండీ గ్రీన్ 763 మైళ్ళతో శబ్దవేగాన్ని దాటిన థ్రస్ట్ ఎస్ఎస్‌సీ, రెండూ అక్కడే ఉన్నాయి. 763 మైళ్ళంటే దాదాపు 1,228 కిలోమీటర్లు. నేలమీద ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది.

నాన్న ఆ నల్లటి ఎస్ఎస్‌సీ బండి చుట్టూ మూడుసార్లు తిరిగారు. టైర్లేవిరా అన్నారు. టైర్లు లేవు, ఆ వేగానికి రబ్బరు నిలవదు, గట్టి అల్యూమినియం చక్రాలే. తర్వాత వంగి ముందు చక్రాలు చూసి, "ఇవి తిరిగేట్టు లేవే" అన్నారు. నిజమే. ఆ బండికి స్టీరింగ్ వెనక చక్రాలకి. ముందువైపు రెండు జెట్ ఇంజన్లుంటే ముందు చక్రాలు తిప్పే చోటు లేదు మరి. నాన్న నా వైపు తిరిగి, "రివర్సులో బస్సు తోలినట్టే కదరా, ఆ స్పీడులో!" అన్నారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఇంకో మాట లేదు. ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో చూడాలన్నారు. అలా పడింది నాలుగు రోజుల ప్లాను: వేల్స్‌లో పెండైన్ బీచ్, అక్కణ్ణుంచి ఉత్తర ఇంగ్లండ్‌లో కోనిస్టన్ చెరువు. ఎడిన్‌బరో అనుకుని సెలవు పెట్టిన మా ఆవిడ మొదటి రోజంతా మాట్లాడలేదు.

కారు అద్దె నాలుగు రోజులకి 212 పౌండ్లు. దారి గురించి రాయడానికేం లేదు, పొద్దున పదింటికి బయల్దేరాం, మధ్యలో పులిహోర తిన్నాం. సాయంత్రం అయిదుకి బస యజమానురాలి మెసేజ్ వచ్చింది: ఆరు దాటితే తలుపు తీయం. అప్పటికి ఇంకా గంట దూరం. ఇక్కడే నేను చెడ్డాను. 2023 సెప్టెంబర్ నుంచి వేల్స్‌లో వీధి దీపాలున్న ఊరి రోడ్లమీద మామూలుగా 20 మైళ్ళే పరిమితి. ఇంగ్లండ్‌లో 30కి అలవాటుపడ్డ కాలు ఊరుకోదు. నాన్న పక్క సీట్లోంచి, "నెమ్మదిరా, ఊరు" అంటూనే ఉన్నారు. ఆరుకి పది నిమిషాలు తక్కువలో చేరాం. తీరా చూస్తే మనుషులే లేరు. తాళం గోడకున్న డబ్బాలో పెట్టి, నంబరు కాగితం మీద రాసి అతికించారు. దీనికా ఆ హడావిడి?

ఆ బస సంగతి రాసి తీరాలి. ముగ్గురికి ఒక ఫ్యామిలీ రూము, రాత్రికి 136 పౌండ్లు, రెండు రాత్రులు. బుక్ చేసేటప్పుడే రాశాను: మా నాన్నకి మోకాళ్ళ నొప్పులు, కింది అంతస్తు కావాలి అని. "తప్పకుండా" అని జవాబు కూడా వచ్చింది. ఇచ్చింది అటక. మెట్లు 41, నాన్న దిగుతూ ఒకసారి, ఎక్కుతూ ఒకసారి లెక్కపెట్టారు. 31 ఏళ్ళు క్లచ్ తొక్కిన ఎడమ మోకాలు అది. సముద్రం కనిపిస్తుందని రాశారు, కనిపిస్తుంది కూడా: బాత్రూములో కమోడ్ మూత మీద నిలబడి పైకప్పు కిటికీలోంచి చూస్తే. షవర్లో నీళ్ళు ధారగా కాదు, చుక్కలుగా. బ్రేక్‌ఫాస్ట్ ఎనిమిది నుంచి ఎనిమిదీ ముప్పావు వరకే, ఒక్క నిమిషం దాటినా టోస్ట్ లేదు. మర్నాడు యజమానురాలు కనిపిస్తే గది మార్చమన్నాను. కింద గది ఖాళీగానే ఉంది, తలుపు తీసి ఉంది, పరుపు కనిపిస్తోంది. అది "డబుల్" అట, మాది "ఫ్యామిలీ" అట, కంప్యూటర్ ఒప్పుకోదట. నేను గొంతు పెంచబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. నాన్న మాత్రం, "పోనీలేరా, డిపో రెస్ట్‌రూముల కన్నా నయమే" అన్నారు. ఆయన అలా అన్నప్పుడే నాకు ఇంకా కోపం వచ్చింది.

శనివారం పొద్దున పెండైన్ బీచ్ చూశాక మాత్రం అటకనీ మెట్లనీ కాసేపు మర్చిపోయాం. దాదాపు ఏడు మైళ్ళ ఇసుక, సముద్రం వెనక్కి వెళ్ళినప్పుడు చాప పరిచినట్టు ఉంటుంది. నాన్న చెప్పు విడిచి మడమతో గట్టిగా నొక్కి చూశారు. సూర్యలంకలో అయితే మడమ దిగబడిపోతుంది. ఇక్కడ గుర్తు కూడా సరిగ్గా పడలేదు. "దీనిమీద లోడు బండి కూడా తోలొచ్చు" అని తీర్పిచ్చారు.

1920ల్లో ఇంగ్లండ్‌లో బ్రూక్‌లాండ్స్ అనే ట్రాక్ ఉండేది, కానీ రికార్డు వేగాలకి అది చాలలేదు. అందుకని ఈ తడి ఇసుక మీదికి వచ్చారు. 1924 సెప్టెంబర్‌లో మాల్కం క్యాంప్‌బెల్ ఇక్కడ గంటకి 146 మైళ్ళ మీద తోలాడు. మర్నాటి ఏడాది జులైలో 150 దాటాడు, ఆ గీత దాటిన మొదటివాడు అతనే. 1926 ఏప్రిల్‌లో పారీ థామస్ అనే వేల్స్ ఇంజనీరు వచ్చి 171 చేశాడు. 1927 ఫిబ్రవరిలో క్యాంప్‌బెల్ దాన్ని 174.88కి తీసుకెళ్ళాడు. ఒకవైపు తోలితే లెక్కలోకి రాదు. అటు ఒకసారి, ఇటు ఒకసారి తోలాలి, సగటు చూస్తారు. లేకపోతే గాలి వెనకనుంచి తోస్తే ఎవడైనా రికార్డే.

పారీ థామస్ మళ్ళీ తనది తను లాక్కోవాలని 1927 మార్చి 3న ఇసుక మీదికి దిగాడు. ఆ కారు పేరు బాబ్స్. బీచ్ పక్కనే ల్యాండ్ స్పీడ్ మ్యూజియంలో మేం వెళ్ళినప్పుడు అది ఉంది. (ఈ కారు ఏడాది పొడుగునా ఒకేచోట ఉంటుందని నమ్ముకుని పోకండి, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.) జ్బొరోవ్‌స్కీ అనే రేసు పిచ్చి ఉన్న కౌంట్ 1924లో చనిపోతే, ఆయన కారుని థామస్ 125 పౌండ్లకి కొనుక్కున్నాడు. లోపల విమానం ఇంజను, 27 లీటర్లు, 12 సిలిండర్లు. ఇంజను బలం వెనక చక్రాలకి సైకిల్లో లాగా చెయిన్ల మీద పోతుంది.

నాన్న ఆ చెయిన్ల దగ్గరే ఆగిపోయారు. సీటు చూశారు, చెయిన్ పోయే చోటు చూశారు, మళ్ళీ సీటు చూశారు. "ఒరేయ్, ఇది తెగితే డ్రైవర్ దగ్గరికే కదరా వచ్చేది." నేను బోర్డు చదివి చెప్పకముందే అన్నారు ఆ మాట. ఆ రోజు బాబ్స్ పల్టీ కొట్టింది, థామస్ అక్కడికక్కడే పోయాడు. చెయిన్ తెగి తలకి తగిలిందనే చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. వెనక కుడి చక్రం ముందు విరిగి ఉండొచ్చన్న వాదన తర్వాత వచ్చింది. ఆ కారుని ఇక ఎవరూ తోలకూడదని అక్కడే ఇసుక దిబ్బల్లో పూడ్చేశారు. 42 ఏళ్ళ తర్వాత, 1969లో, ఓవెన్ విన్ ఓవెన్ అనే ఇంజనీరింగ్ లెక్చరర్ తవ్వి తీసి, ఏళ్ళ తరబడి కూర్చుని బాగుచేశాడు.

పూడ్చిన బండిని తవ్వి తీయడం నాన్నకి నచ్చలేదు. "మనిషి పోయిన బండిరా అది" అన్నారు. అయినా అరగంట దాని దగ్గరే నిలబడ్డారు. పక్కనున్న ఒక తెల్లాయన బ్రేకుల గురించి ఏదో చెబుతుంటే నాన్న తెలుగులో జవాబిచ్చారు. ఇద్దరికీ అర్థమైనట్టే ఉంది.

ఆ ఇసుకకి అదే చివరి పెద్ద రోజు. ఆ నెలాఖరుకే హెన్రీ సీగ్రేవ్ అమెరికాలో డేటోనా బీచ్ మీద 203 మైళ్ళు దాటేశాడు. ఆ వేగానికి పెండైన్ పొడవు చాలదు. ఇప్పుడు తూర్పు వైపు మిలటరీ వాళ్ళ ఫైరింగ్ రేంజ్. ఎర్రజెండా కనిపిస్తే ఆ పక్కకి పోకండి, వారాంతంలో వెళ్తే ఆ బెడద తక్కువ.

మధ్యాహ్నం తిన్నది మాత్రం ఇప్పటికీ నోట్లో ఉంది. ఒక చిన్న హోటల్లో కౌల్ అని ఇచ్చారు. గొర్రె మాంసం, బంగాళదుంప, లీక్ అనే ఉల్లికాడల్లాంటిది, అన్నీ కలిపి గంటల తరబడి ఉడికించిన పులుసు, పక్కన రొట్టె, చీజ్ ముక్క. గిన్నె 9.50 పౌండ్లు. నాన్న మొదటి చెంచాకే, "మసాలా వేయడం మర్చిపోయిన మటన్ పులుసు" అన్నారు. జేబులోంచి ఆవకాయ పొట్లం తీస్తారేమో అని నేను చూస్తున్నాను. తీయలేదు. రెండో గిన్నె అడిగారు. శనివారం కాబట్టి మా ఆవిడ మాంసం ముట్టదు. మిగిలిన పులిహోర కారులో కూర్చుని తిని, రెండు గిన్నెలు తిన్న మామగారిని, తినిపించిన నన్ను సమానంగా చూసింది. తర్వాత పెనం మీద కాల్చిన వెల్ష్ కేకులు ఆరు కొనిస్తే (4 పౌండ్లు) కాస్త చల్లబడింది.

ఆదివారం మొత్తం కోనిస్టన్ ప్రయాణానికే పోయింది. అక్కడ బస రాత్రికి 98, కింది అంతస్తు, నీళ్ళు ధారగా వచ్చాయి. ఇంకేం రాయను.

కోనిస్టన్‌లో కథ మాల్కం కొడుకు డోనల్డ్‌ది. 1964లో ఒకే ఏడాదిలో నేలమీద 403 మైళ్ళు, నీళ్ళమీద 276 మైళ్ళు, రెండు రికార్డులూ కొట్టినవాడు ఇంకొకడు లేడు. 1967 జనవరి 4న ఈ చెరువు మీద 300 దాటాలని పడవెక్కాడు. ముందు రోజు రాత్రి పేకాటలో వరసగా ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాణి వచ్చాయట, ఇంట్లో ఎవరికో మూడిందన్నాడట. పొద్దున ఒకవైపు 297 చేశాడు. పడవ లేపిన అలలు సర్దుకునేదాకా ఆగకుండా వెంటనే వెనక్కి తిప్పాడు. ముక్కు పైకి లేచింది, గాల్లో పల్టీ కొట్టి మునిగిపోయింది. అతని టెడ్డీబేర్ బొమ్మ నీళ్ళమీద తేలింది, అతను మాత్రం 2001లో గానీ దొరకలేదు.

అదే ఏడాది నీళ్ళలోంచి తీసిన ఆ నీలం పడవ, బ్లూబర్డ్ కె7, బాగుచేసినవాళ్ళతో చాలా గొడవపడ్డాక 2024 మార్చిలో ఊరి రస్కిన్ మ్యూజియంకి చేరింది. మా ఆవిడ అనుకోకుండా ఇక్కడ మెత్తబడింది. ఆ టెడ్డీబేర్ ఫొటో దగ్గర చాలాసేపు నిలబడింది. సమాధి దగ్గర నాన్న చెప్పులు విప్పి నిలబడ్డారు. "అలలు ఆగేదాకా టీ తాగినా పోయేది కదరా" అన్నారు. చెరువు ఒడ్డున మేం ముగ్గురం అదే పని చేశాం, టీ 2.80.

వేల్స్ దాకా పోలేనివాళ్ళు కవెంట్రీ ఒక్కటి చూసినా చాలు. పెండైన్‌కి వెళ్తే ఆటుపోట్ల టైము చూసుకుని వెళ్ళండి, నీళ్ళు వెనక్కి పోతేనే ఆ ఇసుక కనిపించేది. బసకి చేరే టైము గురించి ఎంత బెదిరించినా కాలు బిగబట్టుకోండి. అద్దె కారు కాగితాల్లో ఫైన్‌లకి "అడ్మిన్ ఫీజు" ఎంతో సంతకానికి ముందే చదవండి, నేను చదవలేదు.

లైసెన్సు మీద తప్పు పాయింట్లు పడకుండా ఆన్‌లైన్ స్పీడ్ కోర్సుకి ఒప్పుకున్నాను. 95 పౌండ్లు, రెండున్నర గంటలు. నాన్న అప్పటికి తెనాలి వెళ్ళిపోయారు. ఫోన్లో, "ఎంత మీద పోయావురా?" అన్నారు. 28 మైళ్ళు అన్నాను. "అంటే?" "45 కిలోమీటర్లు నాన్నా." కాసేపు మాట్లాడలేదు. "నేను చెబుతూనే ఉన్నానా" అన్నారు.

మా ఆవిడ పక్కనుంచి లెక్క కట్టింది: 95, 48, కలిపి 143. "బాబ్స్ కారు 125కే వచ్చింది కదండీ. పెట్రోలుకి 18 మిగిలేవి."