76 గుర్రాల పుంటో, పన్నెండేళ్ల అరకు ఘాటీ

నా కారు ఫియట్ గ్రాండే పుంటో, 1.3 మల్టీజెట్ డీజిల్. 2012లో కొన్నాను. ఇప్పటికి 1,38,000 కిలోమీటర్లు తిరిగింది, అందులో దాదాపు సగం విశాఖ–అరకు రోడ్డు మీదే. అక్క అరకులో టీచరు. నెలకోసారి అమ్మని అక్కడికి తీసుకెళ్లాలి, నా పని మీద ఇంకోసారి వెళ్లాలి. మైలేజీ అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తాను: లీటరుకి 17 నుంచి 19. ఇక ఆ మాట ఎత్తను. కారు త్వరగా వెళ్లడానికి పవర్ ముఖ్యమా, హ్యాండ్లింగ్ (మలుపుల్లో కారు మన మాట వినడం) ముఖ్యమా అని తెలుసుకోవడానికి నేను రెండుసార్లు జేబు ఖాళీ చేసుకున్నాను. రాయాలనుకున్నది ఆ సంగతే.

ఇంజిన్ పవర్ 76 పీఎస్, అంటే 76 గుర్రాలు. టార్క్, అంటే తిప్పే బలం, 197 ఎన్ఎం. ఒకప్పుడు ఇదే 1.3 డీజిల్ మారుతి స్విఫ్ట్‌లో ఉండేది, టాటా విస్టాలోనూ ఉండేది. అందుకే దీన్ని సరదాగా 'నేషనల్ ఇంజిన్' అనేవాళ్లు. మా ఫ్రెండ్ స్విఫ్ట్ డీజిల్ నా కారు కంటే తేలిక. సిగ్నల్ పడితే వాడు ముందు, నేను వెనక. బావయితే మొదటిసారి నడిపి దిగగానే తేల్చేశారు: "ఏట్రా ఇది, ఆవలిస్తూ లేస్తంది!" నిజమే. అప్పటి చిన్న టర్బో (ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా నెట్టే పరికరం) డీజిళ్లలో చాలావాటికి ఉన్న అలవాటే ఇది. ఇంజిన్ నిమిషానికి సుమారు 2000 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగేదాకా నిద్ర, దాటితే మేలుకుంటాయి.

ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. 2017లో ఒకచోట 22 వేలు పోసి రీమ్యాప్ చేయించాను. అంటే ఇంజిన్ కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ మార్చి, డీజిల్ ఎక్కువ కొట్టించి, టర్బో ప్రెజర్ పెంచడం. చేసినాయన 95 దాకా వస్తుందన్నాడు. వచ్చిందో లేదో కొలిచే యంత్రం నా దగ్గర లేదు కానీ, ఆనందపురం హైవే మీద మూడో గేర్లో తొక్కితే వీపు సీటుకి అతుక్కుంది. వారం రోజులు కుర్రాణ్నైపోయాను.

తర్వాత అమ్మతో అరకు బయల్దేరాను. పెందుర్తి నుంచి మామూలుగా రెండు గంటల నలభై నిమిషాలు పట్టేది. ఆ రోజు కొత్తవలస, ఎస్.కోట దాకా లారీలన్నిటినీ అవలీలగా దాటేశాను. తీరా అరకు చేరాక టైం చూస్తే రెండు గంటల ముప్ఫై అయిదు. మిగిలింది అయిదు నిమిషాలు, అదీ మైదానంలో మిగిలిందే. ఘాటీలో ఏమీ కలిసిరాలేదు. పైగా అమ్మకి టైడా దగ్గర ఒకసారి, అనంతగిరి దగ్గర రెండుసార్లు డోకు. మా ఇంట్లో డ్రైవింగ్‌కి కొలమానం అమ్మ చేతిలోని పాలిథిన్ కవరే. అంతకుముందు ఒక కవరు సరిపోయేది, ఆ రోజు మూడు కావాల్సి వచ్చాయి.

ఎందుకలా అయిందో ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. ఘాటీలో మలుపుకీ మలుపుకీ మధ్య తిన్నటి రోడ్డు 150 మీటర్లు అనుకుందాం. సగటున 45లో వెళ్తే 12 సెకన్లు, 50లో వెళ్తే 10.8. అంత పవర్ పెంచి లాభపడింది 1.2 సెకన్లు. అదే 60 మీటర్ల మలుపుని 25కి బదులు 30లో తిప్పగలిగితే 8.6 సెకన్ల పని 7.2లో అయిపోతుంది. ఆదా 1.4 సెకన్లు. అసలు లాభం ఆ తర్వాత ఉంది. మలుపులోంచి 30తో బయటపడితే ముందున్న తిన్నటి రోడ్డంతా ఆ వేగం వెంట వస్తుంది. నేను చేస్తున్నదేమో దబ్బున తొక్కడం, దబ్బున బ్రేకు కొట్టడం. మూడు కవర్లకి కారణం అదే.

అయితే 25 నుంచి 30కి వెళ్లడం మాటలతో పని కాదు. మలుపులో కారుని పక్కకి తోసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ అయిదు కిలోమీటర్ల వేగం పెంచినందుకే 44 శాతం ఎక్కువ. అంత బరువూ మోయాల్సింది నాలుగు టైర్లు, ఒక్కోటి మహా అయితే అరచేతి అంత మేర రోడ్డుని పట్టుకుని ఉంటుంది. ఇంజిన్‌కి అక్కడ పనే లేదు.

రీమ్యాప్ సరదా ఏడాది కూడా నిలవలేదు. వానలో హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగినట్టుండే మలుపు) దాటి పికప్ ఇస్తే లోపలి వైపు ముందు చక్రం ఊరికే తిరిగేది, కారు మలుపు బయటి వైపుకి జారిపోయేది. తర్వాత క్లచ్ పోయింది. ఆర్‌పీఎం పెరుగుతోంది, స్పీడు పెరగడం లేదు, కారు నిండా మాడు వాసన. క్లచ్ సెట్టుకి ఇంకో 14 వేలు. పుంటోలోనే 90 గుర్రాల డీజిల్ ఉండేది. దానికి కంపెనీ వేరే టర్బో, ఇంజిన్ వేగాన్ని బట్టి లోపలి రెక్కలు సర్దుకునే వేరియబుల్ జామెట్రీది, బిగించింది. నేను సాఫ్ట్‌వేర్ ఒక్కటే మార్చి ఆ పవర్ ఆశించాను. పాత మ్యాప్ తిరిగి వేయించేశాను.

రెండో ఖర్చు 2019లో. అసలు టైర్లు కూడా అంతకుముందే దండగ చేసుకున్నాను. 60 వేల కిలోమీటర్లు గ్యారంటీ అంటే మురిసిపోయి ఒక షాపులో గట్టి రబ్బరువి వేయించాను. అరగవు, నిజమే. తడి రోడ్డు మీద పట్టవు కూడా. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయని, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం అని అప్పటికి నాకు తెలియదు. 2316 అంటే 2016లో 23వ వారం. నాకు కొత్తవని అంటగట్టినవి అప్పటికే రెండేళ్లవి. ఈసారి అంకెలు చూసి, మెత్తటి రబ్బరువి 195/60 ఆర్15 సైజువి నాలుగూ తీసుకున్నాను. 24 వేలు.

వాటితో పాటు ముందు షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ల దగ్గరి రబ్బర్లు) కూడా మార్పించాను. 90 వేల కిలోమీటర్లకి అవి ఎప్పుడు చచ్చాయో నాకే తెలియలేదు. రోజూ చూసే పిల్లాడు ఎదిగినట్టు కనిపించడు కదా, అలాగే. అతుకులున్న మలుపులో చక్రం ఎగురుతుంటే, ఎగిరిన ఆ కాసేపు టైరు ఎంత మంచిదైనా ఒకటే. మెకానిక్ కారు ముక్కుని కిందికి నొక్కి వదిలాడు, అది మూడుసార్లు ఊగింది. ఒకసారి లేచి ఆగిపోవాలట. దానికి 15 వేలు, ఆపైన వీల్ అలైన్‌మెంట్.

ఇంజిన్ మాత్రం అదే 76. ఈసారి రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. ఎక్కడా స్పీడుగా వెళ్లినట్టే అనిపించలేదు, అదీ విచిత్రం. మలుపుకి ముందే మెల్లగా బ్రేకు వదులుతూ, స్టీరింగ్ ఒక్కసారి తిప్పి పట్టుకుంటే చాలు, కారు గీత గీసినట్టు వచ్చేస్తోంది. పుంటోకి హైడ్రాలిక్ స్టీరింగ్. పార్కింగులో బరువే. కానీ టైరు పట్టు తగ్గబోతుంటే అరచేతికి ముందే తెలుస్తుంది. ఈ కారుని ఇప్పటికీ అమ్మబుద్ధి కాకపోవడానికి సగం కారణం ఆ స్టీరింగే.

పవర్ అక్కర్లేదని నేను అనను. రెండు లైన్ల రోడ్డు మీద ఇసుక లారీని దాటాలంటే ఎదుటి లైన్లో మనం ఎంత తక్కువసేపు ఉంటే అంత క్షేమం. అక్కడ బావ 160 గుర్రాల టర్బో పెట్రోల్ ఎస్‌యూవీకి దణ్ణం పెడతాను. రాజమండ్రి హైవే మీద ఆయన కనుమరుగైపోతారు. కిందటి సంక్రాంతికి మాత్రం ఇద్దరం ఎస్.కోటలో టీ తాగి కలిసే ఘాటీ ఎక్కాం. పోటీ ఏమీ లేదు, పిల్లలున్నారు. ఆయన బ్రేకు లైట్లు ప్రతి మలుపులోనూ వెలుగుతూనే ఉన్నాయి. ఎత్తు బండి, పక్కకి ఒరుగుతుంది, ఆయన తప్పేం లేదు. గాలికొండ దగ్గర కాఫీకి ఆగినప్పుడు మా వెనక సీట్లో అమ్మ నిద్ర లేచి, "ఘాటీ వచ్చిందా నాయనా?" అంది. బావ నా టైర్లకేసి వంగి చూస్తున్నారు. "ఎక్కడ వేయించావురా ఇవి?"

అవి అప్పటికి కొత్తగా వేయించినవి. 2019 నాటి సెట్టు అయిదేళ్లు నిండగానే తీసేశాను, అరుగుదల ఇంకా ఉన్నా సరే.