ఇంటి డేకేర్‌లో చేర్చే ముందు ఇది చదవండి. నోట్‌బుక్ చూసి నమ్మి మోసపోయాను

చేతులు ఇంకా వణుకుతున్నాయి, అచ్చుతప్పులుంటే సర్దుకోండి. ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే ఆ 'అచ్చం అమ్మమ్మలాంటి' ఆవిడ ఎవరో మీలో సగంమందికి ఈపాటికి అర్థమై ఉంటుంది. పేరు రాయను. ఆవిడ గురించి ఊరంతా టముకు వేసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఇద్దరు తల్లులకు నేనే నంబరిచ్చాను. సాయంత్రం ఇంటికి రాగానే వాళ్ళిద్దరికీ ఫోన్ చేసి చెప్పేశాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మా వాడికి పది నెలలు. నా సెలవు అయిపోయింది, చూసుకోవడానికి పెద్దవాళ్ళు దగ్గర లేరు. సెంటర్ ఒకటి చూశాం, ఈవిడ ఇల్లు ఒకటి చూశాం. మా ఆయన సెంటర్ అన్నాడు, నేను ఇల్లు అన్నాను. నా మాటే నెగ్గింది. ఎంత తెలివైనదాన్నో చూడండి.

సెంటర్ ఎందుకు వద్దన్నానో చెబితే నవ్వుతారు. అక్కడి అమ్మాయి పిల్లాణ్ణి ఎత్తుకోలేదు, ముందు టీకాల కార్డు అడిగింది. తీసుకెళ్ళడానికి ఎవరెవరు వస్తారో పేర్లు రాసి ఫొటోలు ఇమ్మంది. ఒళ్ళు 38 డిగ్రీలు దాటితే ఫోన్ చేస్తాం, వచ్చి తీసుకెళ్ళాలి, జ్వరం తగ్గి 24 గంటలైతేగానీ మళ్ళీ పంపకూడదు అంది. ఇది డేకేరా, జైలా అనుకున్నాను. ఈవిడేమో గుమ్మంలోనే వాణ్ణి చంకనేసుకుని, "కాస్త ఒళ్ళు వెచ్చగా ఉన్నా పంపించమ్మా, నేను లేనూ?" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట అందరు తల్లులకూ చెబుతుందనీ, అంటే అందరి పిల్లల జ్వరాలూ ఆ ఒక్క గదిలోకే వస్తాయనీ అప్పుడు తట్టలేదు.

"నలుగురికి మించి తీసుకోను" అని కూడా అంది. ఒట్టేసి మరీ.

ఇంకో మాట చెప్పింది, అసలు దెబ్బ దాంతోనే కొట్టింది. "గుమ్మం దగ్గరే ఇచ్చేసి చకచకా వెళ్ళిపో అమ్మా. నువ్వు నిలబడ్డకొద్దీ వాడు ఎక్కువ ఏడుస్తాడు." ఇందులో అబద్ధం లేదు. ఈ వయసులో తల్లి కనబడకపోతే పిల్లలు గోల పెడతారు, వెళ్ళొస్తానని చెప్పి ఆలస్యం చేయకుండా బయల్దేరమని డాక్టర్లూ చెబుతారు. అందుకే నమ్మాను. రెండు నెలల్లో నేను ఆ గుమ్మం దాటి లోపల అడుగుపెట్టలేదు. సాయంత్రం వెళ్ళేసరికి వాణ్ణి మొహం కడిగి, తల దువ్వి, సంచితో సహా గుమ్మంలోకే తెచ్చి ఇచ్చేది. ఎంత మర్యాదో.

ఈరోజు మీటింగ్ రద్దయింది. మూడూ ఇరవైకల్లా వాళ్ళ తలుపు కొట్టాను.

తలుపు తీసింది పదమూడేళ్ళ పిల్ల. "పెద్దమ్మ బయటికెళ్ళింది" అంది. నేను లోపలికి నడిచాను. టీవీ మోగుతోంది. పిల్లల్ని లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. తొమ్మిది మంది. ఏడాది నిండని పిల్లలైతే ఒక మనిషికి ముగ్గురో నలుగురో మించకూడదని చాలాచోట్ల నియమం, అదీ పెద్ద మనిషికి. ఇక్కడ తొమ్మిది మందికి కలిపి ఒక బడిపిల్ల, ఆ పిల్ల చేతిలో ఫోను.

మా వాడు మూలన, ఊగే కుర్చీలో, బెల్టు పెట్టి ఉన్నాడు. నిద్రలో తల ముందుకు వాలిపోయి గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంది. కూర్చున్నట్టుగా పడుకోబెడితే తల ఇలా వాలి శ్వాస ఆడకపోవచ్చు, ఏడాది వచ్చేదాకా గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి అని పుట్టినరోజే నర్సు చెప్పింది. గుండె ఆగినంత పనయింది. ఎత్తుకుంటే కిందంతా తడి. అది పొద్దున నేను వేసిన డైపరే. ఎలా తెలుసంటారా? తొందరలో ఎడమవైపు స్టిక్కరు వంకరగా అంటించాను. అది అలాగే వంకరగా ఉంది.

సంచి కోసం అల్మారా దగ్గరికెళ్తే పక్కనే నోట్‌బుక్ తెరిచి ఉంది. రోజూ నాకిచ్చే నోట్‌బుక్. పాలెప్పుడు తాగాడు, ఎప్పుడు పడుకున్నాడు, అన్నీ వేళలతో సహా గుండ్రటి అక్షరాల్లో రాసి ఇస్తుంది. ఈరోజు పేజీ ఇలా ఉంది:

12.30 పాలు మొత్తం తాగాడు. 1.00 డైపర్ మార్చాను. 1.15 నుంచి 3.00 నిద్ర. 4.00 పాలు. 4.30 డైపర్. 5.00 నవ్వుతూ ఆడుకున్నాడు.

గోడ మీద గడియారంలో 3.25.

అయిదింటికి నా కొడుకు నవ్వుతాడని ఈవిడకి ముందే తెలుసు! పాత పేజీలు తిప్పాను. నిన్న అయిదింటికి నవ్వుతూ ఆడుకున్నాడు. మొన్న అయిదింటికి కూడా. ఈ పేజీలనే నేను రాత్రిళ్ళు మా ఆయనకి పైకి చదివి వినిపించేదాన్ని, చూశావా ఎంత శ్రద్ధగా రాస్తుందో అని. సంచిలో నేను పెట్టిన నాలుగు డైపర్లూ మడత విప్పకుండా ఉన్నాయి.

ఇంతలో ఆవిడ వచ్చింది, రెండు చేతుల్లో సామాను సంచులతో. నన్ను చూసి అన్న మొదటి మాట: "వచ్చేముందు ఫోన్ చేయాలి కదమ్మా." పిల్లాడు ఎలా ఉన్నాడని కాదు, తప్పయిందని కాదు. నోట్‌బుక్ చూపించాను. ఇసుమంతైనా తడబడలేదు. "అది మీ తృప్తి కోసం రాసేదమ్మా. చదువుకుంటేనే కదా మీకు ఆఫీసులో పని సాగేది" అంది. పైగా, మీ వాడికి ఎత్తుకునే అలవాటు చేశారు, దించితే చాలు ఏడుస్తాడు, కుర్చీలో పెట్టక ఏం చేయను అని నాకే క్లాసు పీకింది. తొమ్మిది మంది తల్లుల దగ్గర డబ్బు తీసుకుంటూ!

కోపమొచ్చిందా అంటే వచ్చింది. కానీ ఆ తృప్తి మాట దగ్గర నాకు నోరు పెగల్లేదు. నిజమే, నాకు కావలసింది ఆ కాగితమే. అది చేతిలో ఉంటే లోపలికెళ్ళి చూడక్కర్లేదు. మా ఆయన 'నేను ముందే చెప్పానా' అని ఇప్పటిదాకా ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండు.

అడ్వాన్సు అడిగితే నెల ముందు నోటీసివ్వాలంది. సరే, పోయింది.

ఇళ్ళల్లో చూసుకునేవాళ్ళంతా ఇలాంటివాళ్ళని అనను, మా స్నేహితురాలి కూతురు అలాంటి చోటే హాయిగా పెరిగింది. సెంటర్లలో ఆయాలు ఊరికే మారిపోతుంటారు, అదో బాధ. కాకపోతే అక్కడ ఒకరు ఏం చేస్తున్నారో చూసే రెండో మనిషైనా ఉంటుంది. ఇంట్లో అయితే ఆవిడొక్కతే. ఆవిడకి ఒంట్లో బాగోకపోతే, బయటికెళ్తే, పిల్లలు ఎవరి చేతిలో ఉంటారని ముందే అడగండి. చెప్పకుండా వెళ్ళండి, వేర్వేరు వేళల్లో. రావద్దంటే అక్కడ చేర్చకండి. పడుకునే గది చూడండి, డైపర్లు లెక్కపెట్టుకోండి. ఎక్కువ రాయలేను, వాడు కదులుతున్నాడు.

ఇది రాస్తుండగానే ఆవిడ మెసేజ్ పెట్టింది. "రేపు బాబుని పంపుతున్నారా? లేకపోతే ఆ సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను."

సీటంట. ఆ కుర్చీయే.