బ్యాక్ బటన్‌ను నమ్మలేని ఆటలు: చిన్న హారర్ విజువల్ నావెల్స్ సమీక్ష

దయ్యం ఎప్పుడు మీద పడుతుందోనని కాచుకుని ఆడే ఆటలు కావివి. తెర మీద బొమ్మ, కింద మూడు నాలుగు వరుసల మాటలు, నొక్కితే తర్వాతి వాక్యం. అంతే. సైకలాజికల్ హారర్ విజువల్ నావెల్ మన చేతిలోని మీటల్నే మన మీదికి తిప్పుతుంది: సేవ్, స్కిప్, రోల్‌బ్యాక్ (చదివిన వాక్యానికి వెనక్కి వెళ్లడం), మెనూ. పుస్తకంలో పేజీ వెనక్కి తిప్పితే పాత మాటే ఉంటుంది. ఇక్కడ ఉంటుందన్న నమ్మకం లేదు. యూట్యూబ్‌లో ఇంకొకరు ఆడుతుంటే చూసినవాళ్లు ‘ఇందులో ఏముంది’ అనడానికి కారణం ఇదే, మీట వాళ్ల చేతిలో లేదు.

మొదట ఆడాల్సింది డోకీ డోకీ లిటరేచర్ క్లబ్. టీమ్ సాల్వాటో 2017 సెప్టెంబరులో ఉచితంగా విడుదల చేసింది. మొదటిసారి ముగించడానికి నాలుగు గంటలు తీరిక పెట్టుకోవాలి. మొదట చాలాసేపు బడిలో కవితల క్లబ్బు, నలుగురు అమ్మాయిలు, కవిత కోసం 20 పదాలు ఏరడం, ఇదే సాగుతుంది. చాలామంది ఇక్కడ విసుగొచ్చి కంట్రోల్ మీట నొక్కిపట్టి దాటేస్తారు. అలా చేయొద్దు. తర్వాత విరిగేవన్నీ ఇక్కడ పేర్చినవే. ఎవరు ఏ పదానికి మురిసిపోతారో గుర్తులేకపోతే, ఆ కవితలు మారడం మొదలైనప్పుడు ఏం మారిందో తెలియదు. ఆట తన ఫోల్డర్లోని ఫైళ్లతో కూడా కథ చెబుతుంది. ఎప్పుడు, ఎలా అన్నది చెప్పను. ‘క్యారెక్టర్స్’ అనే ఫోల్డర్ ఎక్కడుందో మాత్రం ముందే చూసి పెట్టుకోండి.

2021లో వచ్చిన ప్లస్ వెర్షన్‌ను డబ్బిచ్చి కొనాలి. అందులోని పక్క కథలు నిజంగా బాగున్నాయి, ఆ అమ్మాయిల స్నేహాన్ని నిదానంగా చెబుతాయి. కానీ అక్కడి ఫైళ్లు మీ కంప్యూటర్లోవి కావు, ఆటలోనే కట్టిన డెస్క్‌టాప్‌లోవి. దెబ్బ సగానికి తగ్గిపోతుంది. పాతది ముందు, ప్లస్ తర్వాత.

ఇన్‌స్టాల్ దగ్గర జరిగే పొరపాట్లు ఎక్కువ. జిప్‌గా దించుకుంటే పూర్తిగా విప్పండి. జిప్ లోపలే రెండుసార్లు నొక్కితే ఆట తెరుచుకోదు, తెరుచుకున్నా తాత్కాలిక ఫోల్డర్లో నడుస్తుంది కాబట్టి అది రాసే ఫైళ్లు మీకు కనబడవు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టొద్దు, అక్కడ రాయడానికి విండోస్ అడ్డు చెబుతుంది. డీ డ్రైవ్‌లో ఒక మామూలు ఫోల్డర్ చాలు. దాని పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచండి, పాత రెన్‌పై (విజువల్ నావెల్స్ కట్టే ఉచిత సాధనం) ఆటలకు తెలుగు పేర్ల దారి పడకపోవచ్చు. ఆట తీసేసి మళ్లీ వేసినా పాత సంగతులు పోలేదంటే భయపడొద్దు. సేవ్‌లు యాప్‌డేటా, రోమింగ్ కింద రెన్‌పై ఫోల్డర్లో విడిగా ఉంటాయి. డోకీ డోకీని మొదటినుంచి ఆడాలంటే ‘గేమ్’ ఫోల్డర్లోని ‘ఫస్ట్‌రన్’ ఫైలు తీసేయండి, తుడిచేయాలా అని ఆటే అడుగుతుంది.

వీటికి పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు. అనంతపురంలో కాలేజీ పిల్లల దగ్గరుండే 4 జీబీ సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ మీద కూడా హాయిగా నడుస్తాయి. తెర నల్లగా ఉండిపోతే, లేదా బొమ్మలు నత్తనడక నడిస్తే, తప్పు సాధారణంగా పాత గ్రాఫిక్స్ డ్రైవర్‌ది. రెన్‌పై ఆటల్లో షిఫ్ట్, జీ కలిపి నొక్కితే రెండరర్ (తెర మీద బొమ్మ గీసే పద్ధతి) మార్చే మెనూ వస్తుంది, వేరేది ఎంచి ఆట మూసి తెరవండి. అక్షరాలు చిన్నవైతే షిఫ్ట్, ఏ నొక్కి పెద్దవి చేసుకోవచ్చు, కాకపోతే మరీ పాత ఆటల్లో ఈ మెనూ ఉండదు.

అసలు కష్టం శబ్దంతో. ఈ ఆటల్లో పాట ఒక్క స్వరం జారడం, ఉన్నట్టుండి ఆగిపోవడం కథలో భాగం. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో ఫ్యాను ఆపి కూర్చోవడం అయ్యే పని కాదు, ఆ హోరులో ఇవన్నీ మునిగిపోతాయి. చెవిని పూర్తిగా కప్పే వైరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వెలుతురు తగ్గాక ఆడండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి. రెన్‌పై సాధారణంగా ఎంపికల దగ్గర తనంతట తానే సేవ్ చేస్తుంది గానీ, కొన్ని ఆటలు దాన్ని ఆపేస్తాయి; పైగా, కరెంటు పోయి సాగుతున్న దృశ్యం మధ్యలో తెగితే ఆ ఊపు మళ్లీ రాదు.

బ్లాక్ టాబీ గేమ్స్ వాళ్ల స్లే ద ప్రిన్సెస్ (2023) వీటన్నిటిలోకీ బాగా రాసినది. అడవిలో గుడిసె, కింద నేలమాళిగలో రాకుమారి, ఆమెను చంపమని చెప్పే గొంతు. కత్తి తీసుకుని దిగారా, ఖాళీ చేతులతోనా అన్నదాన్ని బట్టి ఆమే మారిపోతుంది. పెన్సిల్ గీతల బొమ్మలు, మాటలకు గొంతులు. 2024లో వచ్చిన ప్రిస్టీన్ కట్ అనే పెంచిన వెర్షన్ ముందే ఆట కొన్నవాళ్లకు ఉచితంగానే అందింది. ఇందులో సేవ్ వెనక్కి తెచ్చుకుని ‘సరైన’ ఎంపిక కోసం వెతకొద్దు, తప్పు ఎంపికకూ ఇక్కడ పూర్తి కథ ఉంది.

తీరిక లేనివాళ్లకు మిల్క్ ఇన్‌సైడ్ ఎ బ్యాగ్ ఆఫ్ మిల్క్ ఇన్‌సైడ్ ఎ బ్యాగ్ ఆఫ్ మిల్క్ (2020). పాల ప్యాకెట్టు కొనడానికి వెళ్లే అమ్మాయి, ఆమె తలలో గొంతు మీరు. అర్ధగంటలోపే అయిపోతుంది, బరువు మాత్రం రోజంతా ఉంటుంది. 2003 నాటి సాయా నో ఉటాలో ఎంపికలు రెండే, ముగింపులు మూడు. రాత గట్టిది, కానీ లైంగిక హింస ఉంది. ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్లో వేయకండి.

డోకీ డోకీలో ఆత్మహత్య ప్రస్తావన నేరుగా వస్తుంది, ముందే హెచ్చరిస్తుంది కూడా. మనసు బాగాలేని రోజుల్లో దీన్ని ముట్టొద్దు. మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇవన్నీ ఇంగ్లిష్‌లో చదవాల్సి రావడమే నాకున్న పెద్ద కొరత. రెన్‌పై పాత వెర్షన్లలో తెలుగు ఒత్తులు, గుణింతాలు విడిపోయి పడేవి. కొత్త వెర్షన్లలో అక్షరాలను సరిగ్గా కలిపే హార్ఫ్‌బజ్ వచ్చి ఆ ఇబ్బంది తీరింది. ఆట తయారుచేసేవాళ్లు ఉచిత తెలుగు ఫాంటు ఒకటి ‘గేమ్’ ఫోల్డర్లో వేసి, జీయూఐ ఫైల్లో టెక్స్ట్ ఫాంట్ వరుసలో దాని పేరు రాస్తే చాలు. మన యాసలో మాట్లాడే పాత్రలతో గంటసేపటి కథ ఎవరైనా రాస్తే మొదట ఆడేది నేనే.