కిట్టు బాగుంది, పుస్తకమే తప్పులో కాలేసింది

నెల్లూరులోనూ ఒంగోలులోనూ స్కూళ్ళకు ల్యాబ్ సామాను అమ్మే షాపుల్లో ఇప్పుడు ‘శక్తి మార్పిడి కిట్’ అని ఒక నీలం పెట్టె దొరుకుతోంది. ధర 1,450 రూపాయలు. రెండు మూడు పెట్టెలు ఒకేసారి తీసుకుంటే కాస్త తగ్గిస్తారు. తొమ్మిదో తరగతి ‘పని, శక్తి’ పాఠం చెప్పేవాళ్ళ కోసం చేసింది. లోపల వంపు తిరిగిన ప్లాస్టిక్ పట్టా, స్టీలు గోళీ, పిడి తిప్పే చిన్న డైనమో, ఒక టార్చి బల్బు, ఒక ఎల్‌ఈడీ, థర్మాకోల్ తొడుగున్న అల్యూమినియం గ్లాసు, అందులో ముంచే 6 ఓముల హీటరు చుట్ట, 12 వోల్టుల అడాప్టరు, థర్మామీటరు, బొటనవేలంత సోలార్ పలక ఉంటాయి. ఇవి కాక 24 పేజీల తెలుగు పుస్తకం ఒకటి.

సామానుకు అయిదుకు నాలుగు మార్కులు వేయొచ్చు. పుస్తకానికి ఒకటి, అదీ బొమ్మలు శుభ్రంగా వేసినందుకు. లెక్క తేలని చాలా చోట్ల ‘మిగిలిన శక్తి ఘర్షణ వల్ల నష్టమైంది’ అని రాసి చేతులు దులుపుకోవడం దాని పద్ధతి. ఈ సామానుతోనే ఆ మాట తప్పని చూపించవచ్చు.

గోళీ ప్రయోగం తీసుకోండి. పట్టాను బల్ల అంచున బిగించి, గోళీని 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదలాలి. అది అంచు దాటి ఎగిరి కింద ఎక్కడ పడిందో తెల్లకాగితం మీద కార్బన్ పేపరు పరిచి గుర్తించాలి. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లయితే, స్థితిజశక్తి (ఎత్తు వల్ల ఉన్న శక్తి) అంతా గతిజశక్తిగా (కదలిక శక్తిగా) మారిందనుకుని లెక్క కట్టినప్పుడు గోళీ 95 సెంటీమీటర్ల దూరాన పడాలి. పడేది 77 దగ్గర. పుస్తకం ఆ రెండు అంకెలతో 34 శాతం శక్తి ఘర్షణ పాలైందని తేల్చేస్తుంది. నున్నటి స్టీలు గోళీ అరమీటరు దొర్లేసరికి మూడో వంతు శక్తి పోతుందా?

గోళీ జారడం లేదు, దొర్లుతోంది. ముందుకు పోవడానికి కొంత శక్తి, తన చుట్టూ తాను తిరగడానికి కొంత శక్తి కావాలి. గట్టి గోళం జారకుండా దొర్లితే మొత్తం గతిజశక్తిలో ఏడింట రెండు వంతులు, అంటే దాదాపు 29 శాతం, ఆ తిరుగుడులోనే ఉంటుంది. అది పోయిన శక్తి కాదు, గోళీలోనే ఉన్న శక్తి. ఆ లెక్కన గోళీ పడాల్సింది 80 సెంటీమీటర్ల దగ్గర. 77 దగ్గర పడిందంటే నిజంగా పోయింది ఏడెనిమిది శాతం. పట్టా గాడి అంచుల మీద గోళీ రెండు చోట్ల ఆనుతుంది కాబట్టి ఇంకాస్త వేగంగా తిరుగుతుంది. దాన్నీ కలిపితే నష్టం ఇంకా తక్కువ.

చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. పట్టా చివర సమతలంగా ఉండాలి. గోళీని అక్కడ ఊరికే పెడితే ఎటూ కదలకూడదు. కొంచెం పైకి లేచి ఉన్నా దూరం మారిపోతుంది. కావలి, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి గోళీ నెలలోపే తుప్పు చుక్కలు వేసుకుంటుంది. నూనె రాయకండి, జారుతుంది. పొడిగుడ్డతో తుడిచి, బియ్యం వేసిన డబ్బాలో దాస్తే చాలు.

పెట్టెలో అందరికీ ముద్దొచ్చే వస్తువు డైనమో. బల్బు తగిలించి పిడి తిప్పితే బరువుగా ఉంటుంది, ఎల్‌ఈడీ తగిలిస్తే బరువే తెలియదు. 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్ల బల్బు ముప్పావు వాటు తాగుతుంది, ఎల్‌ఈడీకి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. పుస్తకం ఇక్కడ కూడా పిడి బరువుకు కారణం పళ్ళచక్రాల ఘర్షణే అంటుంది. పిల్లలతో ఒక్క పని చేయించండి. ఒకరు బల్బు వెలిగిస్తూ ఒకే జోరులో పిడి తిప్పుతుండగా, పక్కనున్నవాళ్ళు వైరు క్లిప్పు పీకేయాలి. బల్బు ఆరిన క్షణంలోనే పిడి చేతిలో తేలికై గిర్రున తిరుగుతుంది. మళ్ళీ క్లిప్పు పెట్టగానే ఎవరో పట్టి ఆపినట్టు బరువెక్కుతుంది. చక్రాలు అవే, ఘర్షణా అదే, మారింది కరెంటు ఒక్కటే. బల్బులో వెలుగూ వేడీ అయ్యే ప్రతి జౌలూ చేతిలోంచే వెళ్ళాలని చెప్పడానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

జోరుగా తిప్పితే వోల్టేజి అయిదారుకు ఎక్కి బల్బు మాడిపోతుంది. సెకనుకు రెండు చుట్లు దాటనివ్వకండి. ఇచ్చింది ఒక్క బల్బే, ఎల్‌ఈడీ టార్చీలు వచ్చాక అలాంటి బల్బులు షాపుల్లో దొరకడం గగనమైంది. ఇది కిట్టుదే లోపం. ఎల్‌ఈడీ వెలగకపోతే పాడైందనుకోకుండా పిడిని అటువైపు తిప్పి చూడండి. అది ఒక దిక్కు కరెంటుకే వెలుగుతుంది.

అసలు సరుకు గ్లాసు, హీటరు. 100 గ్రాముల నీళ్ళు పోసి, చుట్ట పూర్తిగా మునిగాక అడాప్టరు వేయాలి. ముందే వేస్తే చుట్ట ఎర్రబడి తెగుతుంది. అయిదు నిమిషాల్లో నీళ్ళు 13.5 డిగ్రీలు వేడెక్కాయి. పుస్తకం లెక్క చూడండి: 12 వోల్టులు, 2 ఆంపియర్లు, 300 సెకన్లు, మొత్తం 7,200 జౌళ్ళు. నీళ్ళకు చేరింది 5,643. దక్షత (ఇచ్చిన శక్తిలో పనికొచ్చిన వంతు) 78 శాతం, మిగతాది గాలికి.

మల్టీమీటరు పెడితే వేరే కథ. అడాప్టరు మీద 12 అని రాసి ఉన్నా హీటరు తగిలించాక ఇచ్చేది 11.4 వోల్టులే, కరెంటు 1.9. అంటే 7,200లో దాదాపు 700 జౌళ్ళు అసలు హీటరుకే చేరలేదు. ఇక 60 గ్రాముల అల్యూమినియం గ్లాసు కూడా నీళ్ళతోపాటే వేడెక్కింది, అది 729 జౌళ్ళు తీసుకుంది. ఇచ్చింది 6,498, లెక్కకు దొరికింది 6,372. పోయింది రెండు శాతం.

ఆ రెండు శాతానికి దిగాలంటే ఒక చిట్కా ఉంది. గది వేడికి ఎంత కింద మొదలుపెడతామో అంత పైన ఆపాలి. మొదటి సగంలో గాలి నుంచి గ్లాసుకు వచ్చిన వేడి, రెండో సగంలో గాలికి పోయే వేడితో చెల్లవుతుంది. నెల్లూరు మే నెలలో గది 38 డిగ్రీలుంటే మట్టికుండ నీళ్ళు కొంచెం మామూలు నీళ్ళతో కలిపి 31కి తెచ్చుకుని మొదలుపెట్టండి, 45 దగ్గర ఆగుతుంది. ఐసు అక్కర్లేదు. నీళ్ళు కలుపుతూ ఉండకపోతే మాత్రం థర్మామీటరు చుట్ట పక్క వేడినే చూపిస్తుంది. పెట్టెలో కలిపే పుల్ల ఇవ్వలేదు, ఐస్‌క్రీం పుల్ల చాలు.

సోలార్ పలక గురించి చెప్పడానికేం లేదు, ఎండలో పనిచేస్తుంది.

పుస్తకంలో 1845 నాటి జౌల్ తెడ్ల చక్రం (కిందికి దిగే బరువుతో నీళ్ళలో తెడ్లు తిప్పి వేడెక్కించే ఏర్పాటు) బొమ్మ ఉంది, కిట్టులో చక్రం మాత్రం లేదు. లేకపోవడమే మంచిది. కిలో బరువు మీటరు కిందికి దిగితే వచ్చే 9.8 జౌళ్ళకు ఈ గ్లాసులో నీళ్ళు డిగ్రీలో నలభయ్యో వంతు కూడా వేడెక్కవు, ఈ థర్మామీటరుకు అది అందదు.

చివరి పేజీలో థర్మల్ కేంద్రం బొమ్మ వేసి, అక్కడ పోయే వేడిని కూడా ఘర్షణ ఖాతాలోనే వేశారు. ముత్తుకూరు మండలం నేలటూరులో ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లున్న దామోదరం సంజీవయ్య కేంద్రం నెల్లూరు జిల్లా పిల్లలకు బస్సు దూరంలోనే ఉంది. ఏ బొగ్గు కేంద్రంలోనైనా సగానికి పైగా వేడి బయటికే పోతుంది. దానికి ప్రధాన కారణం ఘర్షణ కాదు, ఆవిరిని మళ్ళీ చల్లార్చి నీళ్ళు చేయక తప్పకపోవడం.

ఇంకో పెద్ద తప్పు మాటల్లో ఉంది. పాఠ్యపుస్తకాల్లో వాట్లలో కొలిచేది సామర్థ్యం, శాతంలో చెప్పేది దక్షత. ఈ పుస్తకం 9వ పేజీలో సరిగ్గానే రాసి, 15వ పేజీ నుంచి రెంటికీ సామర్థ్యం అనే వాడింది. ‘హీటరు సామర్థ్యం 78’ అని రాస్తే పిల్లవాడు 78 వాట్లనుకుంటాడు. పెన్నుతో దిద్ది ఇవ్వండి.

కొనేముందు షాపులోనే అడాప్టరు హీటరుకు తగిలించి చూసుకోండి, విడిగా కొలిస్తే ఇలాంటి అడాప్టరు కూడా 12 చూపించవచ్చు. మల్టీమీటరు ల్యాబులో లేకపోతే 250, 300 రూపాయలు పెట్టి అదీ తీసుకోండి. పెట్టెలో దాన్ని ఇచ్చి సోలార్ పలక తీసేసి ఉంటే సరిపోయేది.