ఎక్సెల్ నుంచి ఫిక్స్‌డ్ విడ్త్ ఫైళ్లు తీసే మాక్రో కొనేవారికి హెచ్చరిక

ఎక్సెల్ షీట్లను ఫిక్స్‌డ్ విడ్త్ టెక్స్ట్ ఫైళ్లుగా మారుస్తుందని చెప్పి అమ్ముతున్న ఒక మాక్రో టూల్‌ను (ఎక్సెల్‌లో పనులను తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రాంను) మా కార్యాలయ అవసరం కోసం కొన్నాను. అమ్మకందారు ఇచ్చిన నమూనా షీటు మీద అది చక్కగానే పనిచేసింది. మా అసలు షీటు మీద నడిపితే మాత్రం తప్పుల ఫైలును తయారుచేసి, ఎగుమతి విజయవంతమైందన్న సందేశం చూపింది. తప్పులకంటే ఆ సందేశమే ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని నమ్మితే ఆ ఫైలు నేరుగా అవతలి వ్యవస్థలోకి వెళ్లిపోతుంది.

ఫిక్స్‌డ్ విడ్త్ ఫైలులో అంశాలను వేరుచేసే కామాలు, ట్యాబులు ఉండవు కాబట్టి ప్రతి అంశమూ తనకు కేటాయించిన స్థానంలో మొదలై ఆ హద్దులోనే ముగియాలి. ఈ టూల్ పొట్టి పేర్ల పక్కన ఖాళీలు నింపుతుంది గాని పొడవైన పేర్లను కత్తిరించదు. అందువల్ల ఒక పేరు తనకు కేటాయించిన 30 అక్షరాల హద్దు దాటిందంటే, ఆ వరుసలో దాని తరువాత ఉన్న ఖాతా సంఖ్య, తేదీ, మొత్తం అన్నీ కుడివైపుకు జరిగి, తేదీ ఉండవలసిన చోట ఖాతా సంఖ్య చివరి అంకెలు వచ్చి కూర్చుంటాయి. అంతేకాక, సెల్‌లోని అసలు విలువను వదిలి తెరపై కనిపించే రూపాన్ని తీసుకోవడం వల్ల, కాలమ్ ఇరుకుగా ఉన్నచోట మొత్తానికి బదులు "####" గుర్తులే ఫైలులోకి ఎక్కాయి. తెలుగు లిపిలోని పేర్లు ప్రశ్నార్థకాలుగా మారాయి. 16 అంకెల సంఖ్యను సెల్‌లో సంఖ్యగానే ఎక్కిస్తే చివరి అంకె సున్నా కావడం ఎక్సెల్‌కే ఉన్న 15 అంకెల పరిమితి గనుక, ఆ నేరాన్ని టూల్ మీద మోపను.

అమ్మకందారుకు ఫిర్యాదు చేస్తే, ఎక్సెల్‌లోనే పీఆర్‌ఎన్ (కాలమ్‌లను ఖాళీలతో పేర్చే టెక్స్ట్ ఫైలు) రకంగా సేవ్ చేసుకోమని సమాధానం వచ్చింది. ఆ పద్ధతిలో వరుసకు 240 అక్షరాలే పడతాయి, మిగిలినవి ఫైలు చివరకు చేరతాయి. మా వరుసలు అంతకంటే పొడవైనవని వారికి ముందే తెలుసు. కోడ్‌కు పాస్‌వర్డ్ తాళం వేసి ఉన్నందున మేమే సరిచేసుకునే వీలు లేదు, డబ్బు తిరిగి ఇవ్వడానికీ వారు ఒప్పుకోలేదు.

కాబట్టి కోడ్ తెరిచి చూపని టూల్‌ను కొనవద్దు. హద్దు మించిన పేర్లు, ఖాళీ సెల్‌లు, ముందు సున్నాలున్న సంఖ్యలు కలిపిన మీ సొంత షీటుతో పరీక్షించి, వచ్చిన ఫైలులో వరుసలన్నీ ఒకే పొడవున ఉన్నాయో లేదో చూడండి. వరుసల లెక్కకు ఇంటిజర్ అనే చిన్న సంఖ్యల రకం వాడిన మాక్రో, లెక్క 32,767 దాటితే ఓవర్‌ఫ్లో దోషానికి (సంఖ్య ఆ రకంలో పట్టక ఆగిపోవడానికి) గురవుతుంది గనుక, అంతకు మించిన వరుసలతోనూ నడిపించండి. వాపసు షరతును చెల్లింపుకు ముందే రాతపూర్వకంగా తీసుకోండి.