స్క్రూడ్రైవర్‌కి లొంగే హెడ్‌సెట్: పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్స్) అయ్యేదాకా వాడాక

బెంగళూరు జక్కూరులో పైలట్ ట్రైనింగ్‌కి చేరే మన పిల్లలు, అనంతపురం నుంచి వచ్చినా చిత్తూరు నుంచి వచ్చినా, మెడికల్ అయిపోగానే అడిగేది ఒకటే: క్లబ్బు హెడ్‌సెట్‌తో నెట్టుకురావచ్చా, సొంతది కొనాలా? కొనాలి. ఎవరెవరి పెదాలకో తగిలిన మైకు స్పాంజిని రోజూ మన నోటికి ఆనించుకోవాలన్న ఒక్క కారణం చాలు. ఏది కొనాలన్న దగ్గరే పేచీ.

నేను వాడింది రెండు జాక్‌ల మామూలు ప్యాసివ్ హెడ్‌సెట్, అంటే చెవులు మూసి మాత్రమే హోరు తగ్గించేది. బ్యాటరీ లేదు, బ్లూటూత్ లేదు. హోరుని ఎలక్ట్రానిక్స్‌తో కొట్టేసే, పేరున్న ఏఎన్‌ఆర్ వాటి ధరలో దాదాపు మూడో వంతుకి వచ్చింది. దీని మీద నాకున్న మమకారమంతా ఒక్కందుకే: అంటించి మూసేసిన భాగమంటూ ఇందులో లేదు. చెవి కుషన్లు చేత్తో లాగితే ఊడొస్తాయి, తలమీది ప్యాడ్‌కి బటన్లు, మైకుకి రెండు బుల్లి స్క్రూలు. ఏది పోతే అదొక్కటే మార్చుకోవచ్చు.

మైకు మొరాయించినప్పుడు గానీ ఈ గుణం విలువ తెలియలేదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నంతసేపూ మాట శుభ్రంగా ఉంటుంది. రన్నప్‌కి, అంటే టేకాఫ్‌కి ముందు ఇంజిన్ పరీక్షకి, 1700 ఆర్‌పీఎం పెట్టగానే సైడ్‌టోన్ (మన చెవిలో వినపడే మన మాట) తెగి తెగి వస్తుంది. టవర్‌కి కాల్‌సైన్‌లో (రేడియోలో విమానం పేరు) మొదటి విక్టర్ టాంగో వరకే చేరుతుంది, మిగతాది గాల్లో కలిసిపోతుంది. టవర్ చెప్పిన క్యూఎన్‌హెచ్ (గాలి పీడనం అంకె) తిరిగి చదివే రీడ్‌బ్యాక్ రెండోసారి అడిగించుకోవాల్సిందే. ఇలాంటప్పుడు అందరూ ముందు యోక్ (స్టీరింగ్) మీది పీటీటీ బటన్‌ని, అంటే మాట్లాడేందుకు నొక్కేదాన్ని, అనుమానిస్తారు. తేల్చుకోవడం తేలికే. బటన్ నొక్కకుండా ఇంటర్‌కమ్‌లో ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడండి. అక్కడా తెగుతుంటే బటన్ తప్పేం లేదు. తర్వాత రెండు హెడ్‌సెట్‌ల జాక్‌లూ అటువి ఇటు మార్చండి. జబ్బు కుడి సీటుకి పోతే మన హెడ్‌సెట్‌దే. ఎడమ సీట్లోనే ఉండిపోతే విమానం సాకెట్‌ది. దాన్ని మనం కెలకకూడదు, లాగ్‌లో రాయించి ఇంజినీరుకి వదిలేయాలి.

ఇక్కడ జబ్బు హెడ్‌సెట్‌తోపాటే కదిలింది. పావంగుళం లావున్న జాక్ వినడానికి, 5.2 మిల్లీమీటర్ల సన్న జాక్ మైకుకి. గొడవంతా దాదాపు ఎప్పుడూ సన్నదానితోనే. మైకు బతికేది రేడియో ఇచ్చే కొద్దిపాటి మిల్లీ ఆంపియర్ల మీద. చేతి చెమటా వానాకాలం తేమా కలిసి జాక్ మీద పొర కడితే అంత తక్కువ కరెంటు దాన్ని దాటలేదు. జాక్‌ని సాకెట్లోనే అర చుట్టు తిప్పితే మాట తిరిగొస్తుంది, అదే గుర్తు. మందు బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది: ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డ. జాక్ కొసా, మధ్య రింగూ, వెనక గొట్టం మూడూ తుడవాలి. గరుకు కాగితం జోలికి మాత్రం పోవద్దు. పైపూత లేచిపోతే కింద లోహం ఇంకా తొందరగా నల్లబడుతుంది.

తుడిచాక చాలా నయమైంది గానీ పూర్తిగా పోలేదు. రెండో ముద్దాయి మైకు వెనక స్క్రూలు. ఇంజిన్ అదురుకి అవి కాస్త వదులైతే చాలు, రన్నప్‌లోనే బయటపడుతుంది. వాచీల స్క్రూడ్రైవర్‌తో బిగిస్తే సరి. అయితే బిగించేటప్పుడు మైకు తిరగబడకుండా చూసుకోవాలి. నాయిస్ క్యాన్సిలింగ్ మైకుకి ముందూ వెనకా రంధ్రాలుంటాయి. రెండు వైపులా సమానంగా తగిలే హోరుని అది కొట్టేసి, ముందు నుంచి దగ్గరగా వచ్చే మాటని ఉంచుతుంది. గుర్తున్న వైపు పెదాలకి ఎదురుగా లేకపోతే మాట బావిలోంచి వచ్చినట్టుంటుంది. దూరం నాలుగైదు మిల్లీమీటర్లు మించకూడదు, అదీ పెదవి మూలకి. స్పాంజి తొడుగు చిరిగితే వెంటనే మార్చేయండి. లేకపోతే గాలి హోరుకి ఇంటర్‌కమ్ స్క్వెల్చ్ (మాట లేనప్పుడు మైకుని మూసి ఉంచే ఏర్పాటు) తెరుచుకునే ఉంటుంది. అది ఆపుదామని స్క్వెల్చ్ బిగిస్తే ప్రతి మాటకీ మొదటి అక్షరం ఎగిరిపోతుంది.

అన్నీ మార్చుకోవచ్చన్నాను. సామాను చేతిలో ఉంటే! జెల్ కుషన్ల లాంటివి బయటి దేశం నుంచి తెప్పించుకోవాల్సి రావచ్చు, అందాకా గట్టిపడిన పాతవాటితోనే సర్దుకోవాలి. స్పాంజి తొడుగులు ఒకటి రెండు ఎక్స్‌ట్రా బ్యాగులో ఉంచుకోవడం మేలు.

పైగా స్క్రూడ్రైవర్‌తో బాగుపడనిది ఒకటుంది. సెస్నా 152లో రెండు రెక్కల ప్రొపెల్లర్, నాలుగు సిలిండర్ల ఇంజిన్. 2400 ఆర్‌పీఎంలో రెక్కల చప్పుడూ సిలిండర్ల పేలుడూ రెండూ సెకనుకి 80 సార్లు పడతాయి. అంత కింది స్థాయి గుమ్మనే మోత దగ్గరే ప్యాసివ్ హెడ్‌సెట్ చేతులెత్తేస్తుంది, ఏఎన్‌ఆర్ సత్తా సరిగ్గా అక్కడే. రన్‌వే చుట్టూ సర్క్యూట్లు కొట్టే గంటలో తేడా తెలియదు గానీ క్రాస్ కంట్రీకి, అంటే దూరపు ఊరికి, వెళ్ళొస్తే తల దిమ్మెక్కిపోతుంది. కళ్ళద్దాలుంటే మరీ కష్టం. కాడ దగ్గర కుషన్ లేచి హోరంతా అందులోంచే దూరుతుంది. సన్న కాడల ఫ్రేముతో కొంత నయం.

పీపీఎల్ 40 గంటల వరకే అయితే, కళ్ళద్దాలు లేకపోతే, చేత్తో పని చేసుకునే ఓపిక ఉంటే నేను మళ్ళీ ఇదే కొంటాను. సీపీఎల్‌కి (కమర్షియల్ పైలట్ లైసెన్స్) 200 గంటలూ వరసగా కానిచ్చేద్దామనుకునేవాళ్ళు, ఇంట్లో ఖర్చుకి సరేనంటే, ఏఎన్‌ఆర్ పెట్టుకుని ఒక సార్టీ (ఒక విడత) ఎగిరి చూశాక తేల్చుకోవడం మంచిది. ఎయిర్‌లైన్‌కి వెళ్ళాకా పనికొస్తుందన్న లెక్కతో మాత్రం దీన్ని కొనొద్దు. ఎయిర్‌బస్ ఏ320లో ఉండేది ఐదు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్, ఈ రెండు జాక్‌లూ అందులో పట్టవు.